కారుకు వయసు ఎక్కడ పడుతుంది?

పాత కారును చూడగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" పదిహేనేళ్లలో నలభై వేలే తిరిగిందంటే మురిసిపోతాం. లక్షన్నర దాటిందంటే పెదవి విరుస్తాం. ఈ లెక్క ఇంజన్ లోపలి ఇనుముకు కొంతవరకు సరిపోతుంది. కానీ ఇంటి కారులో ముందుగా ముసలివయ్యేవి పిస్టన్లూ గేర్లూ కావు. రబ్బరు పైపులు, బెల్టులు, బుష్‌లు, టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ఆయిల్, కూలెంట్. వీటిని పాడుచేసేవి వేడి, ఆక్సిజన్, తేమ. ఆ మూడూ బండి నడిచినా నడవకపోయినా రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటాయి. ఇంటి ముందు కవరు కప్పుకుని నిలబడ్డ కారుకు కూడా వయసు పడుతుంది, ఒక్కోసారి తిరిగే కారు కంటే తొందరగా.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. తొందరగా పాడయ్యే ఈ వస్తువులే కారులో అన్నిటికంటే చవకైనవి, చేతికి అందేవి. వాటిలో చాలావాటిని నాలుగు పానాలు, ఒక మల్టీమీటర్, ఒక ఆదివారం ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఉదాహరణకు మారుతీ 800నే తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయేదాకా మన ఊళ్లలో ఎన్నో ఇళ్లకు అదే మొదటి కారు. 796 సీసీ ఇంజన్, మూడు సిలిండర్లు. బానెట్ ఎత్తితే దాదాపు ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల స్పేర్లు ఇప్పటికీ దొరుకుతాయి. ఇక్కడ చెప్పే సైన్సు జెన్‌కైనా, శాంట్రోకైనా, ఇండికాకైనా ఒక్కటే.

రసాయన చర్యల విషయంలో ఒక మోటు లెక్క ఉంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో నిలబెట్టిన కారుకు ఈ లెక్క ఏం చేస్తుందో ఊహించుకోవచ్చు. రబ్బరంటే పొడవాటి అణువుల గొలుసులు, వాటిని అక్కడక్కడ ముడివేసే గంధకం. ఆక్సిజన్ ఏళ్ల తరబడి ఆ గొలుసుల మధ్య కొత్త ముడులు వేస్తూ పోతుంది. ముడులు పెరిగేకొద్దీ రబ్బరు సాగే గుణం పోయి గట్టిపడుతుంది. ఓజోన్ మరో రకం శత్రువు. అది సాగి ఉన్న రబ్బరునే పట్టుకుంటుంది. అందుకే పగుళ్లు పైపు వంపు దగ్గర, టైరు పక్క గోడమీద ముందుగా కనిపిస్తాయి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ పైపును వేళ్లతో నొక్కి చూడండి. బాగున్న పైపు నొక్కితే లొంగి, వదిలితే తిరిగి వస్తుంది. కటకటమని గట్టిగా ఉన్నా, ఆయిల్ తగిలి ముగ్గిన పండులా మెత్తబడినా మార్చాల్సిందే. టైరుకైతే పుట్టిన తేదీ ఒంటిమీదే ఉంటుంది. పక్క గోడమీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. డిక్కీలో పడుకున్న స్టెప్నీ మీద కూడా ఈ అంకెలు చదవాలి. ఒక్కసారీ రోడ్డు తొక్కని స్టెప్నీయే చాలా ఇళ్లలో వయసులో అన్నిటికంటే పెద్ద టైరు. టైమింగ్ బెల్ట్ కూడా పళ్లున్న రబ్బరు బెల్టే. మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లు ఇంకా కాకపోయినా, ఏళ్లు గడిచి ఉంటే మార్పించడం మేలు. అది తెగితే ఇంజన్ ఉన్నచోటే ఆగిపోతుంది, చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. ఈ ఒక్క పని మాత్రం అనుభవం లేనివాళ్లు షెడ్డుకే వదిలేయాలి, పళ్లు ఒక్క గుర్తు తప్పినా నష్టం పెద్దది.

"మా బండి కూరగాయల మార్కెట్‌కు తప్ప ఎక్కడికీ తియ్యం" అని గర్వంగా చెప్పేవాళ్లున్నారు. ఇంజన్‌కు అది మంచిది కాదు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆవిరిగా మారి సైలెన్సర్ గుండా పోతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ ఆవిరంతా బయటికి పోతుంది. కిలోమీటరు దూరం వెళ్లి ఆపేస్తే, కొంత ఆవిరి చల్లబడి సైలెన్సర్‌లో నిలుస్తుంది, కొంత పిస్టన్ రింగులు దాటి ఇంజన్ ఆయిల్లో చేరుతుంది. సైలెన్సర్లు లోపలినుంచి తుప్పు పట్టడానికి, ఆయిల్లో ఆమ్లాలు పేరుకోవడానికి ఇదే పెద్ద కారణం. కాబట్టి తక్కువ తిరిగే కారుకు ఆయిల్ మార్పు కిలోమీటర్లను బట్టి కాక ఏడాదికొకసారి చేయాలి. వారానికి ఒక రోజు అరగంట సేపు ఊరి బయటికి తీసుకెళ్లాలి. తీసేసిన ఆయిల్ కాలువలో పొయ్యకండి. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనే సర్వీస్ షెడ్డులో ఇవ్వండి.

అన్నిటికంటే ఎక్కువగా అశ్రద్ధకు గురయ్యేది బ్రేక్ ఆయిల్. నిజానికి అది నూనె కాదు, గ్లైకాల్ ఈథర్ల మిశ్రమం. గాలిలో తేమను పీల్చుకోవడం దాని గుణం. మూత బిగించి ఉన్నా సరే, రబ్బరు పైపుల గోడల్లోంచి తేమ లోపలికి ఇంకుతూనే ఉంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. నాలుగు శాతానికి కాస్త తక్కువ నీరు కలిస్తే చాలు, ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి.

ఈ అంకెలు కొండ దిగేటప్పుడు ప్రాణం పోసుకుంటాయి. తిరుమల ఘాట్‌లోనో, శ్రీశైలం దారిలోనో, అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగేటప్పుడో కారు బరువు మోసుకొచ్చిన శక్తి అంతా బ్రేకుల దగ్గర వేడిగా మారుతుంది. ఆ వేడి ఆయిల్‌కు ఎక్కి, అందులోని నీరు మరిగి బుడగలవుతుంది. ద్రవం నొక్కితే నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. బ్రేకులు పనిచేసేదే ఈ సూత్రం మీద. పైపులో ఆవిరి చేరాక పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి ఆవిరిని నొక్కడానికే ఖర్చయిపోయి, చక్రం దాకా చేరదు. పెడల్ అడుక్కి వెళ్లిపోతుంది. ఇంకా దారుణం ఏమిటంటే, అరగంట ఆగితే ఆవిరి మళ్లీ నీరై పెడల్ మామూలుగా గట్టిపడుతుంది. మెకానిక్‌కు చూపిస్తే "ఏం లేదు సార్, బాగానే ఉంది" అంటాడు, అతనికి ఆ సమయానికి తప్పేమీ కనిపించదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు రెండో గేరులో రమ్మనడం ఇందుకే. రెండేళ్లకొకసారి ఆయిల్ మార్చమనడమూ ఇందుకే.

ఈ పని ఇంట్లో చేయడానికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో పెడల్ డ్యూటీ మా అమ్మాయిది. చక్రం వెనక ఉండే బ్లీడర్ నిపిల్‌కు సన్నటి తెల్ల గొట్టం తగిలించి, దాని రెండో కొస కాస్త కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచుతాను. "తొక్కమ్మా" అంటే నెమ్మదిగా తొక్కి, "పట్టుకున్నా నాన్నా" అంటుంది. అప్పుడు నిపిల్ పావు చుట్టు వదులు చేస్తే ముదురు గోధుమ రంగు ఆయిల్ గొట్టంలోకి వస్తుంది, పెడల్ కిందికి దిగుతుంది. నిపిల్ బిగించాకే "వదిలెయ్" అనాలి. ఈ వరుస తప్పితే గొట్టంలోంచి గాలి లోపలికి లాగేసుకుంటుంది. లేత పసుపు ఆయిల్ బుడగల్లేకుండా వచ్చేదాకా ఇలాగే. మధ్యలో బానెట్ కింద డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మీ బండి మాన్యువల్లో చూడండి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే పెయింట్ లేస్తుంది. విప్పి నెలలైన డబ్బాలో మిగిలిన ఆయిల్ వాడొద్దు, అది ఈపాటికి తేమ తాగేసి ఉంటుంది. ఇంజన్ ఆయిల్ గానీ, వంట నూనె గానీ బానెట్ కింద డబ్బాలో చుక్క కూడా పోయకూడదు, లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకులన్నీ పోతాయి. పని అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసి పెడల్ గట్టిగా నిలబడుతోందో లేదో చూసి, వీధిలోనే నెమ్మదిగా పరీక్షించాలి. చక్రం విప్పినప్పుడల్లా కారు కింద స్టాండు పెట్టండి. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరకూడదు.

కూలెంట్ సంగతికొస్తే, "మన దగ్గర నీళ్లు గడ్డకట్టేంత చలి లేదుగా, బోరు నీళ్లు పోస్తే చాలు" అనే మాట తరచు వినిపిస్తుంది. మనకు కూలెంట్ కావలసింది చలికి కాదు. అల్యూమినియం హెడ్, ఇనుప బ్లాకు, ఇత్తడి భాగాలు ఒకే నీటిలో ఉంటే తుప్పు చర్య మొదలవుతుంది. దాన్ని ఆపే రసాయనాలు కూలెంట్లో ఉంటాయి, కొన్నేళ్లకు ఖర్చయిపోతాయి. బోరు నీళ్లలోని కాల్షియం రేడియేటర్ సందుల్లో పొలుసు కడుతుంది. కాబట్టి కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. రేడియేటర్ మూతను కూడా ఒకసారి గమనించండి. 0.9 బార్ ఒత్తిడిని పట్టి ఉంచే మూత ఉంటే లోపలి నీరు 118 డిగ్రీల దాకా మరగదు. మూతలోని రబ్బరు వాషరు గట్టిపడి ఒత్తిడి నిలవకపోతే అదే నీరు వందకే మరుగుతుంది. బండి ఊరికే వేడెక్కిపోతోందని పెద్ద రిపేరుకు దిగేముందు మూత మార్చి చూడటం మంచిది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆ మూత ముట్టుకోవద్దు. కూలెంట్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది. పిల్లలకు, వీధి కుక్కలకు అందకుండా చూడాలి.

ఇప్పుడు పాత కార్ల యజమానులందరికీ ఉన్న బెంగ ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు. 2025 నాటికి దేశమంతా అదే వచ్చేసింది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లను సాధారణంగా దానికోసం రూపొందించలేదు. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే, కాబట్టి ట్యాంకులో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. మైలేజీ ఆ మేరకు తగ్గితే కంగారుపడనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది రబ్బరును. పాత రకం పెట్రోలు పైపులు ఇథనాల్‌కు ఉబ్బి, తర్వాత ఎండి చిట్లుతాయి. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే ఆ రోజే పైపులు మార్చాలి, ఇథనాల్‌ను తట్టుకునే రకం అడిగి తీసుకోవాలి. ఇథనాల్ కూడా తేమను పీల్చుకునేదే. తక్కువ తిరిగే బండిలో ట్యాంకు అడుగంటేదాకా ఉంచకుండా నిండుగా ఉంచితే లోపల తేమగాలికి చోటుండదు.

పాత కారును మెరుగుపరచాలనుకున్నవాళ్లు చాలామంది టచ్ స్క్రీన్‌తో మొదలుపెడతారు. నన్నడిగితే మొదటి ఖర్చు హెడ్‌లైట్ల వైరింగు మీద పెట్టాలి. రాత్రి లైట్లు మసకబారాయంటే తప్పు బల్బుది కాకపోవచ్చు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెడితే 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా చూపిస్తుంది. లైట్లు వేసి అదే మీటరును బల్బు కనెక్టర్ దగ్గర పెట్టండి. పాత బండ్లలో ఒకటి రెండు వోల్టులు తక్కువ కనిపించడం మామూలే. కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్చు గుండా, పచ్చబడిన కనెక్టర్ల గుండా, సన్నటి వైర్ల గుండా రావాలి మరి. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, సుమారు 3.4వ ఘాతం చొప్పున తగ్గుతుంది. వోల్టేజీ పది శాతం పడిపోతే వెలుగు ముప్పై శాతం పోతుంది. 13.5కు బదులు 11.5 వోల్టులు అందితే మిగిలేది అరవై శాతం కూడా కాదు.

దీనికి విరుగుడు: బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు, మధ్యలో రెండు రిలేలు. పాత స్విచ్చు ఇక రిలేను కదిలించే చిన్న కరెంటును మాత్రమే మోస్తుంది. మామూలు 60/55 వాట్ల బల్బే కొత్తగా వెలుగుతుంది. దీనికి బదులు వంద వాట్ల బల్బు పెడితే పాత వైర్లు కరుగుతాయి. ఎల్‌ఈడీ బల్బు పెడితే, ఫిలమెంటు కోసం లెక్కకట్టిన రిఫ్లెక్టర్‌లో కాంతి చెదిరి ఎదుటి డ్రైవరు కళ్లలో పడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి అసలు రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని కూడా అంటోంది.

బ్యాటరీ మీద పని చేసేటప్పుడు ముందుగా నెగెటివ్ తీగ విప్పాలి, చివరగా బిగించాలి. రాత్రంతా కదలని బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.0కు దిగితే దాదాపు ఖాళీ. నీళ్లు పోసే రకమైతే వేసవిలో నెలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటరే పోయాలి.

ఇంట్లో ఎంత శ్రద్ధ పెట్టినా మార్చలేనివి రెండున్నాయి. ఎయిర్‌బ్యాగులు లేని బండికి అవి రావు. తుప్పు పట్టిన ఎముకల్లాంటి భాగాలు మళ్లీ గట్టిపడవు. విశాఖ, కాకినాడ, నెల్లూరు తీరంలో ఉప్పు గాలి తుప్పును తొందరగా పట్టిస్తుంది. తలుపుల కింది అంచున నీరు పోయే రంధ్రాలు ఆకులతో, దుమ్ముతో మూసుకుపోకుండా ఏటా వానలకు ముందు శుభ్రం చేసుకుంటే చాలా ఏళ్లు కలిసొస్తాయి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి కదా, ఆ గడువు దగ్గరపడగానే కార్పెట్ ఎత్తి నేల రేకును, సీట్ బెల్టు బిగించిన చోటును, బానెట్ కింద ముందు షాక్ అబ్జార్బర్ల పైకొస పట్టుకునే గిన్నెలను స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. పైపై తుప్పయితే గీకి, ప్రైమర్ కొట్టొచ్చు. స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే పుటీ పెట్టి రంగేసి మోసపోవద్దు. ఆ బండిలో ఇంటిల్లిపాదినీ ఎక్కించకూడదు. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రంలో అప్పగించి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకుంటే, కొత్త బండి కొనేటప్పుడు రోడ్డు ట్యాక్స్‌లో రాయితీకి పనికొస్తుంది.