మాంత్రికుడు ముగ్గు దాటిన వేళ

మాంత్రికుడు, భూతం అనగానే మనకి ముందు గుర్తొచ్చేవి రెండు. ఒకటి 1951 నాటి ‘పాతాళభైరవి’, రెండోది చందమామలో విక్రమార్కుడి భుజమెక్కిన బేతాళుడు. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లల్లో చాలామందికి ఈ రెండూ తెలియవు. అయితే ఇదే కోవలో వాళ్ళు ఇష్టంగా చదివే ఇంగ్లీషు కథ ఒకటుంది. జొనాథన్ స్ట్రౌడ్ అనే బ్రిటిష్ రచయిత 2003, 2004, 2005 సంవత్సరాల్లో వరుసగా రాసిన మూడు బార్టిమేయస్ నవలలు. మా పన్నెండేళ్ళ అబ్బాయి లైబ్రరీ నుంచి తెచ్చుకుంటే వాడి వెనకే నేనూ మూడూ చదివేశాను. ముగింపు కూడా చెప్పబోతున్నాను కాబట్టి, చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు!

ఈ కథలో లండన్‌ని పాలించేది మాంత్రికులే. కానీ వాళ్ళకి సొంత శక్తి ఏమీ లేదు. వేరే లోకం నుంచి జిన్నీలని పిలిపించి, వాటిచేత పని చేయించుకోవడమే వాళ్ళ విద్య. మాంత్రికుడు నేల మీద ముగ్గులు గీస్తాడు, ఒకటి తనకి, ఒకటి జిన్నీకి. గీత ఒక్కచోట చెదిరినా, మంత్రంలో ఒక్క మాట తప్పినా ప్రాణం పోయినట్టే. నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. ఆ జాగ్రత్తలు చదువుతుంటే మా ల్యాబ్‌లో ఘాటైన ఆమ్లాలతో పనిచేసేటప్పుడు అడ్డంగా ఉండే గాజు పలక గుర్తొచ్చింది. భయం ఉంది కాబట్టి ఆ అడ్డు ఉంది.

అయితే ఆమ్లానికి బాధ లేదు, జిన్నీకి ఉంది. భూమ్మీద ఉన్నంతసేపూ దానికి ఒళ్ళంతా నొప్పే. మాట వినకపోతే శిక్ష. అందుకే మాంత్రికుడంటే దానికి అసహ్యం, అదంటే మాంత్రికుడికి భయం.

పేరులో ఉన్న కిటుకు

నతానియేల్‌ని చిన్నప్పుడే కన్నవాళ్ళు ప్రభుత్వానికి ఇచ్చేస్తారు. ఒక మాంత్రికుడి దగ్గర శిష్యుడిగా పెరుగుతాడు. అక్కడి నియమం ప్రకారం పుట్టినప్పటి పేరు మరిచిపోవాలి, పెద్దయ్యాక కొత్త పేరుతో బతకాలి. ఎందుకంటే అసలు పేరు తెలిసిన జిన్నీ మంత్రాన్ని తిప్పికొట్టగలదు. నతానియేల్ తనని అవమానించిన ఒక పెద్దమనిషి మీద పగ తీర్చుకోవడానికి వేల ఏళ్ళ వయసున్న బార్టిమేయస్‌ని పిలుస్తాడు. అనుకోకుండా ఆ పేరు కాస్తా బార్టిమేయస్ చెవిన పడుతుంది.

మొదటి నవల చివర ఇద్దరూ ఒక ఒప్పందానికి వస్తారు. నీ పేరు నేను ఎవరికీ చెప్పను, నువ్వు నన్ను మళ్ళీ పిలవకు. జిన్నీ మాట నిలుపుకుంటుంది. మనిషే తప్పుతాడు. పదవి పెరిగేకొద్దీ నతానియేల్ మారిపోతాడు. మూడో నవలకి వచ్చేసరికి బార్టిమేయస్‌ని వెనక్కి పంపకుండా వాడుకుని వాడుకుని పీల్చి పిప్పి చేస్తాడు.

అలెగ్జాండ్రియా అబ్బాయి

ఇంత అవమానం పడ్డా ఆ జిన్నీలో ఒక మెత్తని చోటు ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట అలెగ్జాండ్రియాలో టాలెమీ అనే రాజవంశపు పిల్లవాడు దాన్ని పిలిచాడు. నిధులు తెమ్మనలేదు, శత్రువులని చంపమనలేదు. మీ లోకం ఎలా ఉంటుందని అడిగాడు. మీకూ మాకూ స్నేహం ఎందుకు కుదరదని అడిగాడు. చివరికి ఏ రక్షణా లేకుండా తానే ఆ లోకానికి వెళ్ళి వచ్చాడు. అందుకు అతని ఆరోగ్యం చెల్లించాల్సి వచ్చింది. హంతకులు చుట్టుముట్టినప్పుడు, తనకోసం పోరాడుతున్న బార్టిమేయస్‌ని విడుదల చేసి పంపేసి తాను చనిపోయాడు. అప్పటినుంచి ఆ జిన్నీ తరచూ టాలెమీ రూపంలోనే కనిపిస్తుంది. దాని నోటి వెంట వచ్చేవన్నీ వెటకారాలే అయినా, ఆ రూపం చూస్తే దాని మనసేమిటో తెలిసిపోతుంది.

చివరి యుద్ధంలో నతానియేల్ కూడా ఆ దారికే వస్తాడు. బార్టిమేయస్‌కి తన ఒంట్లోనే చోటిస్తాడు, ఇద్దరూ ఒకే శరీరంతో పోరాడతారు. ఇక బతకనని తెలిశాక, ఆఖరి దెబ్బ వేసే ముందు జిన్నీని విడిచిపెడతాడు. తనతోపాటు అదీ పోవాల్సిన పని లేదు కదా. అక్కడ మా అబ్బాయి పుస్తకం మూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మన కథల్లోనూ ఉంది

‘పాతాళభైరవి’లో బొమ్మ ఎవరి చేతిలో ఉంటే శక్తి వాళ్ళది. తోట రాముడైనా, నేపాళ మాంత్రికుడైనా ఒకటే. అక్కడ సేవ ఉంది కానీ స్నేహం లేదు. బేతాళ కథ వేరు. చందమామలో నెలనెలా శవం చెట్టెక్కడమే చూశాం కాబట్టి, అసలు ముగింపు మనలో చాలామందికి తెలియదు. రాజు తెగువకి, తెలివికి మెచ్చిన బేతాళుడు చివర్లో హెచ్చరిస్తాడు. ఆ భిక్షువు నిన్నే బలివ్వబోతున్నాడు, సాష్టాంగపడమంటే ఎలాగో చూపించమని అడుగు అంటాడు. శవాన్ని తెప్పించుకున్నవాడికి దక్కని సాయం, రాత్రంతా మోస్తూ దాని కథ విన్నవాడికి దక్కింది.

ఈ కథలన్నీ చదివాక నాకు అర్థమైంది ఒకటే. బలం ఎవరి చేతిలో ఉందో వాళ్ళే ముందు ముగ్గు దాటాలి. బలం లేనివాళ్ళని ‘నన్ను నమ్ము’ అని అడగడంలో అర్థం లేదు.

ఇళ్ళల్లో ఆ బలం తల్లిదండ్రులది. పైగా మన పిల్లలకీ రెండు పేర్లుంటాయి, ఇంట్లో ఒకటి, బడిలో టీచర్ల నోటికి తిరిగేది ఇంకొకటి. బడి గేటు దగ్గర ‘చిన్నా’ అని పిలవొద్దని మావాడు అడిగితే సరేనన్నాను, పిలవలేదు. కొన్ని వారాల తర్వాత, తన లంచ్ డబ్బా వాసన గురించి ఇద్దరు పిల్లలు ఏడిపిస్తున్నారని చెప్పాడు. ‘టీచర్‌కి చెప్పకమ్మా, నేను చూసుకుంటా’ అన్నాడు. చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. శుక్రవారం దాకా ఆగుతాను, తగ్గకపోతే ఇద్దరం కలిసి వెళ్దాం అన్నాను. శుక్రవారం కలిసే వెళ్ళాం. మాట్లాడింది వాడే.

ముగ్గులు వద్దని నేననను. ఫోన్‌కి, రాత్రి వేళలకి మా ఇంట్లోనూ నియమాలున్నాయి. కానీ వాటితో పిల్లలు ఎక్కడున్నారో మాత్రమే తెలుస్తుంది. వాళ్ళ మనసులో ఏముందో వాళ్ళు చెబితేనే తెలుస్తుంది.

పదేళ్ళు దాటిన పిల్లలుంటే ఈ నవలలు వరుసగా చదివించండి. మూడోది కాస్త బరువైనది, వీలైతే మీరూ పక్కన కూర్చుని చదవండి. మధ్యలో బేతాళుడి కథ మీరు చెప్పండి. ముగింపుతో సహా.