వెజ్ అంటే చాలదు.. అడిగి తినాలి!

మహదేవపుర: వారమంతా ఐటీ కొలువు.. శనివారం సాయంత్రమైతే బయట భోజనం. ఫీనిక్స్ మార్కెట్‌సిటీ, దాని పొరుగునే వీఆర్ మాల్ వెలిశాక ఇక్కడి తెలుగు దంపతులకు ఇటలీ, థాయ్ రుచులు చేరువయ్యాయి. 2023లో మెట్రో వచ్చింది. సింగయ్యనపాళ్యలో దిగితే చాలు. కొన్ని ఇళ్లలో ఆయనకు ముక్క లేనిదే ముద్ద దిగదు, ఆమె గుడ్డు కూడా ముట్టదు. చిక్కంతా అక్కడే.

కంటికి కనిపించని చేప
థాయ్ గ్రీన్ కర్రీలో కూరగాయలే కనిపించొచ్చు. కానీ సంప్రదాయ పద్ధతిలో ఆ పచ్చిమిర్చి ముద్దలోనే రొయ్యల పేస్టు కలిపి నూరతారు. ఉప్పదనానికి చేపల సాస్ పోస్తారు. జపాన్ మిసో సూప్‌కు సాధారణంగా ఎండు చేప తురుము వేసి కాచిన నీళ్లే ఆధారం. పాస్తాపై చల్లే అసలైన ఇటలీ పర్మేసాన్ చీజ్ తయారీలో పాలు విరిగేందుకు దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు.

అడిగితే శాకాహారులకు వేరుగా వండిపెట్టే చోట్లూ ఉన్నాయి. కాకపోతే ఆర్డరుకు ముందే చెప్పాలి. ‘చేపల సాస్ వేస్తారా? రొయ్యల పేస్టు ఉంటుందా?’ అని నోరు తెరిచి అడిగేయాలి. మొహమాటపడితే నష్టం మనకే.

బిల్లూ చూడాలి
సర్వీస్ ఛార్జీ కస్టమరు ఇష్టం మాత్రమేనని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బిల్లులో కనిపిస్తే తీసేయమనొచ్చు. జీఎస్టీ మాత్రం కట్టక తప్పదు.