మీకు తెలుసా? దుప్పటి విప్పే ఆక్టోపస్

నడిసముద్రంలో తిరిగే బ్లాంకెట్ ఆక్టోపస్‌లలో ఆడది 2 మీటర్ల దాకా పెరుగుతుంది. మగది మాత్రం రేగుపండంతే, సుమారు 2.4 సెంటీమీటర్లు! బరువులో ఆడది కనీసం 10 వేల రెట్లు ఎక్కువ.

ప్రమాదం ముంచుకొస్తే, చేతుల మధ్య ముడిచి ఉంచిన పల్చటి పొరను ఆడది ఒక్కసారిగా విప్పుతుంది. దాంతో ఉన్నదానికన్నా ఎంతో పెద్దగా కనిపించి శత్రువును బెదరగొడుతుంది.

మగవీ, చిన్న ఆడవీ ‘పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్’ అనే విషజీవి దారాల ముక్కలను చేతులతో పట్టుకుని ఆయుధంలా వాడుకుంటాయి. ఆ విషం వీటిని ఏమీ చేయదు.

జతకట్టేటప్పుడు మగది వీర్యం నిండిన తన చేతిని తెంచి ఆడదానికి అప్పగిస్తుంది. ఆడది లక్షకు పైగా గుడ్లను తనతోపాటే మోసుకు తిరుగుతుంది.

ప్రాణంతో ఉన్న మగదాన్ని పరిశోధకులు తొలిసారి చూసింది ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర; ఆ సంగతిని 2002లో ప్రచురించారు.