పేరొకటి, పెట్టె వేరొకటి

(ప్రసంగ పాఠము)

ఇచ్చోడ బస్టాండులో నిలుచున్న మనిషిని "ఎక్కడికి ప్రయాణము?" అని అడిగినచో "ఆదిలాబాదుకు" అని బదులు చెప్పును. ఇచ్చోడ యున్నదే ఆదిలాబాదు జిల్లాలో గదా, ఆదిలాబాదునుండి ఆదిలాబాదుకు పోవుట యేమిటని ఎవ్వరును నవ్వరు. ఆయన చెప్పినది పట్టణమని అందరికిని తెలియును. పట్టణమునకు, జిల్లాకు, పార్లమెంటు నియోజకవర్గమునకు ఒకే పేరున్నను ఈ ప్రాంతమువారు పొరబడరు. పుట్టినది మొదలు వినుచున్న పేరగుటచే సందర్భమే అర్థమును విడమరచి చెప్పును. కాని ఊరికి క్రొత్తగా వచ్చినవానికి ఈ సౌకర్యము లేదు. అతడు పట్టణమనుకొని జిల్లాలో ఏ మూలనో దిగవచ్చును.

ఇంటర్నెట్టు ద్వారా సినిమాలు చూపు సేవల విషయమునను, వానిని చూపు పరికరముల విషయమునను మనలో పెక్కుమంది ఇట్లు క్రొత్తగా వచ్చినవారమే. ఒకే పేరు పెట్టెకు, ఆ పేరే సేవకు, మరల ఆ పేరే చందాకు. ఏది కొనుచున్నామో తెలియక కొనుట, కొన్నదానినే రెండవసారి కొనుట సామాన్యమైపోయినది.

ఇచ్చోడలో నాకు వరుసకు పెద్దబాపు అగు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కలరు. ముప్పది యేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవారు. పెద్దమ్మ మోకాళ్ల నొప్పులచే ఇల్లు కదలలేని స్థితిలో నున్నది. ఆమెకు పాత సినిమాలు చూపవలెనని ఆయన ఒక స్టిక్కు కొని తెచ్చిరి. దానిని టీవీకి తగిలించగనే చందా చెల్లింపుమని తెరపై అక్షరములు కనబడినవి. నేను పోయినప్పుడు ఆయన నన్నడిగిన మొదటి మాట: "స్టిక్కు కొన్నంక మల్ల పైసలెందుకు అడుగుతది బిడ్డా?"

ఆ ప్రశ్నలో తప్పేమియు లేదు. ఒక వస్తువు కొన్న తరువాత అది పనిచేయవలెనని కోరుట న్యాయమే. అయితే ఆయన కొన్నది ఏమి, కొననిది ఏమి యన్నదే తేలవలసిన విషయము.

రేడియో గల ఇండ్లవారికి దీనిని చెప్పుట సులువు. పూర్వము మన పెద్దలు అంగడిలో మర్ఫీ రేడియో కొనెడివారు. అది పెట్టె. హైదరాబాదు కేంద్రము పాటలు, వార్తలు పంపెడిది. అది కేంద్రము. తపాలా కార్యాలయములో రుసుము కట్టి లైసెన్సు తీసికొనెడివారు. ఆ పద్ధతి 1980వ దశకములో రద్దయ్యెను. పెట్టెకును కేంద్రమునకును నడుమ వార్తను మోసికొని వచ్చునది అల. పెట్టె, కేంద్రము, లైసెన్సు, అల అను ఈ నాలుగును వేర్వేరని ఎవరికిని చెప్పవలసిన పని లేకుండెను. మర్ఫీ పెట్టె కొన్నాము గనుక మర్ఫీవారే వచ్చి పాడవలెనని ఎవ్వరును కోరలేదు. ఏలయన ఆ నాలుగింటికిని నాలుగు పేర్లుండెను.

నేటి ఏర్పాటులోను ఉన్నవి ఆ నాలుగే. పెట్టె స్థానములో స్టిక్కు, సెట్‌టాప్ బాక్సు, లేదా స్మార్ట్ టీవీ. కేంద్రము స్థానములో సినిమాలు పంపు సేవ. లైసెన్సు స్థానములో నెలకో, యేడాదికో చెల్లించు చందా. అల స్థానములో ఇంటర్నెట్టు. మార్పు ఒక్కటే: ఒక కంపెనీయే ఈ నాలుగింటిలో రెండు మూడింటిని అమ్ముచున్నది, జనమునకు పరిచయమైన ఒక్క పేరునే అన్నిటిపైనను అంటించుచున్నది. పేరుపై గల నమ్మకము క్రొత్త వస్తువునకును సంక్రమింపవలెనన్నది వ్యాపార సూత్రము. అది వారికి లాభము, మనకు తికమక.

ఇక ఒక్కొక్క పేరును విప్పి చూతము.

మొదటిది అమెజాన్. ఇది వస్తువులమ్ము అంగడిగా మనకు పరిచితము. 'ప్రైమ్' అనునది ఆ అంగడి ఇచ్చు సభ్యత్వము. మన దేశమున 2016 జూలైలో వచ్చినది. 'ప్రైమ్ వీడియో' సినిమాల సేవ. అదే సంవత్సరము డిసెంబరులో ఇచట ఆరంభమైనది. 'ఫైర్ టీవీ స్టిక్' పరికరము. 2017లో ఇచట అమ్మకమునకు వచ్చినది. స్టిక్ కొన్నంత మాత్రమున ప్రైమ్ వీడియో చందా రాదు. ప్రైమ్ వీడియో చూచుటకు ఈ స్టిక్కే కావలెనను నియమమును లేదు. స్మార్ట్ టీవీలో గాని, చేతిఫోనులో గాని చూడవచ్చును. ఆ స్టిక్ పైన ఇతర కంపెనీల సేవలును చక్కగా వచ్చును. ప్రైమ్ సభ్యత్వములందును వస్తువుల బట్వాడాకు మాత్రమే పరిమితమైన రకమొకటి కలదు, దానిలో సినిమాలుండవు. చందా కట్టుటకు పూర్వము ఏ రకమో చదువుకొనవలెను.

రెండవది యాపిల్ టీవీ. ఒకే పేరు మూడర్థములు మోయుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. 2007లో ఆ పేరుతో ఒక చిన్న పెట్టె వచ్చినది. 2016లో 'టీవీ' యను ఆప్ వచ్చినది. 2019 నవంబరులో 'యాపిల్ టీవీ ప్లస్' అను సేవ వచ్చినది. చివరి 'ప్లస్' అను మాటయే సేవను పెట్టెనుండి వేరుపరచు గుర్తు. 2025 అక్టోబరులో ఆ గుర్తును తీసివేసి సేవను గూడ 'యాపిల్ టీవీ' అనియే పిలువ నారంభించిరి. కావున ఇప్పుడు పెట్టె యాపిల్ టీవీ, ఆప్ యాపిల్ టీవీ, సేవ యాపిల్ టీవీ! మన ఆదిలాబాదు వలెనే సందర్భమును బట్టి అర్థము చేసికొనవలసినదే.

మూడవది గూగుల్ కుటుంబము. 'ఆండ్రాయిడ్ టీవీ', 'గూగుల్ టీవీ' అనునవి సినిమాల సేవలు గావు. చేతిఫోనునకు ఆండ్రాయిడ్ ఎట్టిదో, టీవీకి ఇవి యట్టివి. టీవీని లోపలనుండి నడుపు ఏర్పాట్లు. పెట్టెపై 'గూగుల్ టీవీ' అని అచ్చువేసియున్నచో సినిమాలు ఉచితమని అర్థము కాదు. 'క్రోమ్‌కాస్ట్' అనునది 2013లో వచ్చిన పరికరము. ఫోనులోని బొమ్మను టీవీపైకి పంపుటకు ఉపయోగించెడిది. 2024లో దాని తయారీ నిలిపివేయబడినది. ఇక యూట్యూబ్ అందరికిని ఉచితము. ప్రకటనలు వద్దనుకొనువారు 'యూట్యూబ్ ప్రీమియమ్' చందా కట్టుదురు. 'యూట్యూబ్ టీవీ' అనునది వేరు. 2017లో అమెరికాలో ఆరంభమైన ఛానెళ్ల సేవ అది. మన దేశమున లేదు. అమెరికాలో నున్న పిల్లలు "మేము యూట్యూబ్ టీవీలో చూచుచున్నా"మని చెప్పినచో, అది మన టీవీలో వచ్చు యూట్యూబే యని పొరబడరాదు.

నాలుగవది జియో. 'జియోఫైబర్' తీగ ద్వారా వచ్చు ఇంటర్నెట్టు, అనగా అల. 'జియోటీవీ' ఫోనులో ఛానెళ్లు చూపు ఆప్. హాట్‌స్టార్ కథ కొంచెము పొడవైనది. 2015లో 'హాట్‌స్టార్'గా పుట్టినది, 2020లో 'డిస్నీ ప్లస్ హాట్‌స్టార్' అయినది, 2025 ఫిబ్రవరి 14న 'జియోసినిమా'తో కలిసి 'జియోహాట్‌స్టార్' అయినది. ఇచ్చోడ మీదుగా పోవు జాతీయ రహదారిని పెద్దలు నేటికిని ఏడవ నంబరు రోడ్డనియే పిలుతురు. దాని సంఖ్య నలుబదినాలుగుగా మారి చాల కాలమైనది. సంఖ్య మారినను త్రోవ అదియే. హాట్‌స్టార్ సంగతియు అట్టిదే. పాత పేరుతో ఆప్ ఎవరైన పంపినను, పాత చందాను క్రొత్తదిగా మార్చెదమని ఫోను చేసినను నమ్మరాదు. ఫోను రీచార్జితో పాటు వచ్చు చందాలు కొన్ని చేతిఫోనునకే పరిమితములు. 'మొబైల్' అను మాట చందా పేరులో నున్నచో అది పెద్ద టీవీపై రాదని గ్రహింపవలెను.

ఐదవది మన పల్లెలకు మిక్కిలి దగ్గరి విషయము: డిష్. ఇంటికప్పుపై గొడుగువంటిది కనబడినచో, కంపెనీ ఏదైనను "డిష్షు" అందుము. 'డీడీ ఫ్రీ డిష్' ప్రసార భారతివారిది. 2004 డిసెంబరులో 'డీడీ డైరెక్ట్ ప్లస్' అను పేరుతో ఆరంభమైనది. దీనికి పెట్టె, గొడుగు ఒకసారి కొన్న చాలును; నెలనెల రుసుము లేదు. 'డిష్ టీవీ' ప్రైవేటు కంపెనీ, 2003లో వచ్చినది. దానికి రీచార్జి చేయవలెను. ఫ్రీ డిష్ పెట్టుకొన్న ఇంటికి ఎవరైన వచ్చి నెల రీచార్జి అడిగినచో అది మోసమే. ఈ రెండును ఉపగ్రహమునుండి వచ్చునవి గనుక ఇంటర్నెట్టుతో పని లేదు. టవరు సరిగా అందని గూడెములలో గూడ పనిచేయును. ప్రసార భారతివారిదే 'వేవ్స్' అను మరియొక సేవ 2024 నవంబరులో వచ్చినది. అది ఇంటర్నెట్టు ద్వారా చూడవలసినది.

తెలుగు సినిమాలకై పలువురు కోరు 'ఆహా' 2020 ఉగాదికి ఆరంభమైనది. 'ఈటీవీ విన్', 'సన్ నెక్స్ట్' ఉన్నవి. ఇవన్నియు సేవలే, వీని పేరుతో పరికరము కొనవలసిన అవసరము లేదు. అయితే 'సన్ నెక్స్ట్' వేరు, 'సన్ డైరెక్ట్' వేరు. మొదటిది సేవ, రెండవది గొడుగు.

అల సంగతి మరచితిమేని లెక్క తప్పును. నెట్‌ఫ్లిక్స్‌వారు చెప్పిన లెక్క ప్రకారము సామాన్య స్పష్టతతో చూచినచో గంటకు సుమారు 1 జీబీ, హెచ్‌డీలో 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు ఖర్చగును. రెండున్నర గంటల సినిమా హెచ్‌డీలో చూచినచో 7 జీబీలు దాటవచ్చును. దినమునకు 1.5 జీబీ వచ్చు ఫోను రీచార్జితో హాట్‌స్పాటు పెట్టి టీవీ చూడబోయినచో, అరగంటకే అయిపోయి సినిమా ఆగిపోవును. అప్పుడు తప్పు స్టిక్కుది గాదు, చందాది గాదు, అలది. ఇంటిలో వైఫై లేనివారు స్పష్టతను తగ్గించుకొని చూచుట మేలు.

కావున ఏదైన కొనబోవు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది పెట్టెయా, సేవయా, చందాయా, ఇంటర్నెట్టా? మా టీవీ ఇదివరకే స్మార్ట్ టీవీయా? అగునేని స్టిక్కుతో తరచుగా పని లేదు. కాదేని దానికి హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రము కలదా? పాత గాజుగొట్టపు టీవీలకు అది సాధారణముగా నుండదు. మా ఫోను రీచార్జిలోనో, బ్రాడ్‌బాండు బిల్లులోనో ఈ సేవ ఇదివరకే చేరియున్నదా? చందా దానంతటదే ప్రతి నెల కోసికొనునట్టిదా? ఈ చివరిదానిని గూర్చి ఒక్క మాట. ఆప్‌ను ఫోనునుండి తీసివేసినంత మాత్రమున చందా ఆగదు. సేవలోనికి పోయి రద్దు చేయవలెను. లేదా మీ యూపీఐ ఆప్‌లో 'ఆటోపే' అను చోట ఆపవలెను. చందా సొమ్ము ఖాతానుండి పోవుటకు 24 గంటల ముందు సందేశము రావలెనని రిజర్వు బ్యాంకు నియమము. ఆ సందేశములను చదువక త్రోసిపుచ్చరాదు.

తిరిగి మా పెద్దబాపు ఇంటికి వత్తము. నేను చూడగా వారి టీవీ స్మార్ట్ టీవీయే. స్టిక్కు అవసరము లేకుండెను. వారు నెలనెల కట్టు బ్రాడ్‌బాండు బిల్లులోనే ఆ సేవ చేరియుండెను. చందా అవసరమును లేకుండెను. అంతటితో పోయిన బాగుండును. తెరపై డబ్బు అడిగిన నాడు ఆయన సహాయమునకై ఫోనులో వెదకి, దొరికిన నంబరునకు మాటలాడిరి. అది కంపెనీ నంబరు గాదు. అవతలివాడు మర్యాదగా మాటలాడి, ఫోను తెరను తనకు చూపు ఆప్ ఒకటి పెట్టించి, ఓటీపీ చెప్పించుకొని, 9,400 రూపాయలు కాజేసెను. ముప్పది యేండ్లు లెక్కలు చెప్పిన మనిషి ఒక లెక్కలో మోసపోతినని సిగ్గుపడి నాలుగు దినములు పెద్దమ్మకు గూడ చెప్పలేదు. నేను పోయి అడిగినప్పుడు గాని బయటపడలేదు. ఆ డబ్బు ఇంకను తిరిగి రాలేదు.

ఆ నాలుగు దినముల మౌనమే ఆయనకు ఎక్కువ నష్టము చేసినది. ఇట్టి మోసము జరిగిన వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. మోసగాని ఖాతానుండి డబ్బు తరలిపోవుటకు ముందే ఆపించు అవకాశము మొదటి గంటలలోనే ఎక్కువ. సహాయ నంబరు కావలసినచో వెదకి పట్టుకొనుట గాక, పెట్టెపై అచ్చువేసినది గాని, ఆప్ లోపల నున్నది గాని చూచుకొనవలెను. ఓటీపీ అడుగువాడు ఎంత మర్యాదస్థుడైనను మనవాడు గాడు.

ఒకే పేరు నాలుగు వస్తువులకు పెట్టినవారు పేరు పెట్టినవారే. పొరబడినవారు తెలివితక్కువవారు గారు. ఇందులో సిగ్గుపడవలసినదేమియు లేదు. తెలియనిచో పక్కింటివారిని, పిల్లలను, మనుమలను అడుగుడు. అడిగినవారికి విసుగు చూపక చెప్పుట యువకుల ధర్మము.

ఆ దినము సాయంకాలము స్టిక్కును తీసి పెట్టెలో పెట్టి, వారి టీవీలోనే ఒక పాత సినిమా పెట్టితిని. పెద్దమ్మ మోకాళ్లపై దుప్పటి కప్పుకొని చివరివరకు చూచినది. పెద్దబాపు మాత్రము ఒక కాగితముపై నాలుగు గీతలు గీసి పెట్టె, సేవ, చందా, ఇంటర్నెట్టు అని వ్రాసి, ఒక్కొక్కదాని యెదుట తమ ఇంటిలో నున్నదేదో నింపి టీవీ ప్రక్కన గోడకు అంటించిరి. మీ ఇంటిలోను అట్టి కాగితమొకటి వ్రాసికొనుడు. మీరు కొనవలసినది ఎంత తక్కువయో అదియే చెప్పును.