బర్డ్స్‌విల్ గ్రామము

ఆస్ట్రేలియాలో క్వీన్సులాండు రాష్ట్రపు నైరృతి మూలను, డయమంటినా నదియొద్ద, బర్డ్స్‌విల్ అను గ్రామము కలదు. నివాసులు సుమారు నూరుమంది. ఇంత చిన్న యూరిని గూర్చి వ్రాయనేల యని చదువరులు సంశయింపవచ్చును. ఆ సంశయము తీర్చుటయే మా యుద్దేశము.

1901కి పూర్వము దక్షిణమునకుఁ దోలుకొనిపోవు పశువులపై నిచ్చట సుంకము గైకొనుచుండిరి. 1884లో వెలసిన హోటలు నేఁటికిని బాటసారుల కాశ్రయము. 1923లో ఇన్‌లాండు మిషనువా రొక వైద్యశాలను నెలకొల్పిరి.

ఊరికిఁ బడమటఁ గొంతదూరమున, సుమారు 40 మీటర్ల యెత్తున 'బిగ్ రెడ్' అను ఎఱ్ఱని యిసుకతిన్నె నిలిచియున్నది. దాని కావల సింప్సన్ ఎడారిలో నట్టి తిన్నెలు వేయికి మించి, సముద్రపు టలలవలె వరుసలు తీఱియున్నవి. ఉత్తరమున మిక్కిలి గట్టికఱ్ఱ గల అరుదైన వాడి వృక్షములు చూడఁదగినవి.

దక్షిణమున మారీ వఱకు 500 కిలోమీటర్లకుఁ బైఁబడిన బాట గలదు. 1963 డిసెంబరులో నీ బాటను వచ్చుచుఁ ద్రోవ తప్పి, పెట్రోలు లేక, ఒక కుటుంబమువా రైదుగురును దాహముచే మరణించిరి. కావున యాత్రికులు సమృద్ధిగా నీరు గొని, తమ ప్రయాణమును ముందుగా నితరులకుఁ దెలిపి, బండి నిలిచిపోయినను దానిని విడువక యుండవలయును.

నూఱిండ్లైన లేని యా యూరు బాటసారికిఁ బ్రాణాధారము. ఊరి గొప్పతనము దాని పరిమాణమునఁ గాక, అది తీర్చు నక్కఱయందుఁ గలదు.