విగ్గు: రెడీమేడా, కొలతలిచ్చి చేయించుకోవాలా?

సూరత్ రింగ్ రోడ్డులోని జవుళి మార్కెట్లకు వెళితే పాలియెస్టర్ చీరలు గుట్టలు గుట్టలుగా కనిపిస్తాయి. ఆ నగరంలో లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో మగ్గాలను నమ్ముకుని బతికే ఎన్నో కుటుంబాలు తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లినవే. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఆ పిల్లల్లో ఎవరినడిగినా ఒక మాట చెబుతారు: చీర ఎవరు కట్టుకున్నా సరిపోతుంది, రవిక మాత్రం కొలతలిచ్చి కుట్టించుకోవలసిందే. మరి జుట్టు పోయిన తలకు పెట్టుకునే విగ్గు చీరలాంటిదా, రవికలాంటిదా?

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకుంటున్న తల్లికి, పేనుకొరుకుడు వల్ల బడికి వెళ్లడానికి జంకే అమ్మాయికి, పాతికేళ్లకే నుదురు పెరిగిపోతున్న యువకుడికి ఇది డబ్బుతోనూ మనసుతోనూ ముడిపడిన ప్రశ్న. కొలతలిచ్చి చేయించుకున్నదే మేలైనదని చాలామంది అనుకుంటారు. అది ఎంతవరకు నిజం? ముందు విగ్గు నిర్మాణం ఏమిటో చూద్దాం.

విగ్గులో ఏముంటుంది?

ప్రతి విగ్గులోనూ రెండు భాగాలుంటాయి. తలకు ఆనుకుని ఉండే పీఠం ఒకటి, దానికి అమర్చిన వెంట్రుకలు రెండోది. పీఠాన్ని ఎక్కువగా రెండు రకాల పదార్థాలతో చేస్తారు. మొదటిది లేసు. ఇది నైలాన్ లేదా పాలియెస్టర్ పోగులతో అల్లిన సన్నని వల. గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది. రెండోది పాలియురెథేన్ పొర. ఇది చర్మంలా పలచగా ఉంటుంది. టేపు, జిగురు దీనికి బాగా అంటుకుంటాయి, శుభ్రం చేయడమూ తేలిక. అయితే చెమటను బయటికి పోనివ్వదు. తాపీ నది ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఉన్న సూరత్‌లో వర్షాకాలంలో గాలిలో తేమ ఎక్కువ. విశాఖపట్నం, కాకినాడ వాసులకూ ఈ ఉక్క తెలిసిందే. ఇలాంటి చోట్ల పొరకంటే లేసు సుఖంగా ఉంటుంది.

పీఠానికి వెంట్రుకలను అమర్చే పద్ధతులూ రెండున్నాయి. నేతపనిలో పేకను ఇంగ్లీషులో వెఫ్ట్ అంటారని మీకు తెలిసే ఉంటుంది. విగ్గుల పనిలో వెఫ్ట్ అంటే వెంట్రుకలను వరుసగా పేర్చి మిషను మీద కుట్టిన పట్టీ. అలాంటి పట్టీలను టోపీకి కుడితే విగ్గు త్వరగా, చవకగా తయారవుతుంది. రెండో పద్ధతిలో చిన్న కొక్కెం ఉన్న సూదితో ఒకటి రెండు వెంట్రుకల చొప్పున వల కన్నులకు ముడివేస్తారు. ఇందుకు ఎంతో సమయం, ఓపిక కావాలి. కానీ వెంట్రుక చర్మంలోంచి మొలిచినట్టే కనిపిస్తుంది.

వెంట్రుకకు దిశ ఉంది

మన వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. దాని పైపొరలో ఇంటిపెంకుల్లా ఒకదానిమీద ఒకటి పరచుకున్న పొలుసులుంటాయి. వాటి అంచులు వెంట్రుక కొస వైపు తిరిగి ఉంటాయి. రాలిన పొడవాటి వెంట్రుకనొకదాన్ని తీసుకుని, కుదురు నుంచి కొస వైపు రెండు వేళ్లతో నిమరండి. తరువాత కొస నుంచి కుదురు వైపు నిమరండి. రెండోసారి వేళ్లకు గరుకు తగులుతుంది!

విగ్గు నాణ్యతలో ఈ దిశదే కీలకపాత్ర. తలనీలాలు ఇచ్చేటప్పుడు పొడవాటి జుట్టును ముడివేసి తీస్తే కుదుళ్లన్నీ ఒకవైపే ఉంటాయి. వ్యాపారంలో ఇలాంటి జుట్టును రెమీ అంటారు. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తుంది. జుట్టును శుద్ధిచేసి ఎగుమతి చేసే పనికి ఏలూరు పేరుపొందింది. ఇక పల్లెల్లో సామాన్లకు మార్చుకునే చిక్కు వెంట్రుకల్లో కుదుళ్లు, కొసలు కలిసిపోయి ఉంటాయి. వాటిని అలాగే వాడితే పొలుసులు ఒకదానికొకటి తగులుకుని చిక్కుపడతాయి. అందుకే ఆమ్లంతో పొలుసులను తీసేసి, సిలికోన్ పూత పూస్తారు. కొత్తలో ఆ జుట్టు నిగనిగలాడుతుంది. కొన్నిసార్లు కడిగాక పూత పోయి చిక్కులు మొదలవుతాయి. కొలతలిచ్చి చేయించినా జుట్టు ఇలాంటిదైతే ఫలితం ఇంతే.

కృత్రిమ పోగుల సంగతి వేరు. వీటిని మోడాక్రిలిక్, పాలియెస్టర్ వంటి పాలిమర్లతో చేస్తారు. ఎండకు సహజమైన జుట్టు రంగు వెలిసి ఎర్రబడుతుంది, వీటి రంగు అంత తొందరగా మారదు. కానీ వేడికి ముడుచుకుపోతాయి. పొయ్యి దగ్గర జాగ్రత్త అవసరం. ఏది ఏదో తెలుసుకోవాలంటే పెద్దల సమక్షంలో ఒక పోగును పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. వెంట్రుకైతే ఈకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మారుతుంది.

తలను కొలిచేదెలా?

కొలతలిచ్చి చేయించేటప్పుడు తలకు పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, దానిపై పారదర్శకమైన టేపును అడ్డంగా నిలువుగా అంటిస్తారు. అది గట్టిపడి తల ఆకారంలో చిప్పలా తయారవుతుంది. నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే గీత, పాపిడి, సుడి, జుట్టు లేని భాగం అంచు దానిమీద పెన్నుతో గుర్తిస్తారు. రంగు, మందం పోల్చడానికి మిగిలిన జుట్టు నుంచి చిన్న కుచ్చు కత్తిరించి జతచేస్తారు. విగ్గు చేతికి రావడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది.

రెడీమేడ్ రకాలను సగటు తలల కొలతలతో ముందే చేసి ఉంచుతారు. నడినెత్తిన పెట్టుకునే ముక్కలు తరచుగా 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు ఉంటాయి. అవసరమైనంత వరకు అంచులు కత్తిరించుకోవచ్చు. అయితే లేసు చుట్టూ పాలియురెథేన్ పట్టీ ఉన్న రకాన్ని కత్తిరిస్తే, టేపు అంటుకునే ఆ పట్టీయే పోతుంది! పూర్తిగా పొరతో చేసినదాన్ని ఎటునుంచైనా కత్తిరించవచ్చు.

ఎవరికి ఏది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. జవాబు జుట్టు ఎందుకు పోయింది, ఎంతకాలం ఉండదు అన్నవాటిపై ఆధారపడి ఉంది.

కీమోథెరపీ మొదలైన రెండు నుంచి నాలుగు వారాల్లో జుట్టు రాలడం ప్రారంభమవుతుంది. చికిత్స ముగిశాక చాలామందికి కొద్ది నెలల్లో తిరిగి మొలుస్తుంది. మూడు నెలలకు వచ్చే విగ్గు వీరికి పెద్దగా ఉపయోగపడదు. జుట్టు ఉండగానే రంగు పోల్చుకుని మెత్తటి టోపీ ఉన్న రెడీమేడ్ విగ్గు కొనడం మంచిది.

పేనుకొరుకుడు పేలవల్ల వచ్చేది కాదు. శరీర రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్లపై దాడిచేయడం వల్ల వస్తుంది. జుట్టు తిరిగి రావచ్చు, కొత్త మచ్చలూ పడవచ్చు. కాబట్టి ఇక్కడా తొందరపడి కొలతలివ్వనవసరం లేదు.

వంశపారంపర్యంగా వచ్చే బట్టతల ఏళ్ల తరబడి విస్తరిస్తుంది. ఇరవై రెండేళ్ల యువకుడికి ఈనాటి అంచు ప్రకారం చేసిన ముక్క, అంచు వెనక్కి జరిగాక సరిపోదు. అతడు ముందు రెడీమేడ్‌ది వాడి, తనకేది నప్పుతుందో తెలుసుకోవడం తెలివైన పని.

కాలిన గాయపు మచ్చ ఉన్నవారికి, జుట్టు పూర్తిగా పోయి ఇక మారదని తేలినవారికి, సగటు కంటే తల బాగా చిన్నదిగానో పెద్దదిగానో ఉన్నవారికి కొలతలిచ్చి చేయించుకున్నది నిజంగా మేలు చేస్తుంది. ఆకారం మారదు గనుక ఒకసారి పెట్టిన కొలత మళ్లీ పనికొస్తుంది. అంటే మారే తలకు చీర, మారని తలకు రవిక అన్నమాట!

కొనేముందు

దుకాణదారును నాలుగు ప్రశ్నలు అడగండి. పీఠం దేనితో చేశారు? జుట్టు రెమీయా, పూత పూసినదా? కత్తిరిస్తే అంచు నిలుస్తుందా? సరిపోకపోతే సరిచేసి ఇస్తారా? జిగురు వాడేముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి, ఒక రోజు ఆగి, దురద, దద్దురు లేవని చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. జుట్టు ఉన్నట్టుండి రాలడం మొదలైతే ముందు చర్మవ్యాధుల డాక్టరును కలవండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం వంటివి కారణమైతే చికిత్సతో జుట్టు తిరిగి రావచ్చు. అప్పుడు ఏ విగ్గూ కొనవలసిన అవసరమే ఉండదు.