నాన్నగారి జీపును మళ్లీ రోడ్డెక్కించాలంటే

సంఘాలకు వెళ్లినప్పుడు ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతూనే ఉంటారు: "అయ్యగారూ, మా నాన్న వాడిన బండి కొట్టంలో పడి ఉంది. బాగు చేయించమంటారా, పాత ఇనుముకు వేసేయమంటారా?" ఇంతకాలం నవ్వి ఊరుకున్నాము. గడిచిన ఏడాదిలో ఆ పని మా ఇంట్లోనే జరిగింది కాబట్టి ఇప్పుడు కాస్త వివరంగా చెప్పగలము. మొదట తప్పు దారిలో వెళ్లామని కూడా ఒప్పుకోవాలి.

మాది 1974లో రిజిస్టరైన మహీంద్రా పెట్రోలు జీపు. అమెరికాలోని విల్లీస్ కంపెనీ జీపులను మహీంద్రావారు 1940ల చివరలో మన దేశంలో బిగించడం మొదలుపెట్టి, తర్వాత ఇక్కడే తయారుచేశారు. నాన్నగారు వెనుక బెంచీలు తీయించి, రేకు తొట్టె వేయించి, పికప్‌లా వాడేవారు. వడ్ల బస్తాలు, క్రిస్మస్ పందిరి గుంజలు, కాన్పుకు వెళ్లే తల్లులు, సమాధుల తోటకు వెళ్లే పెట్టెలు అన్నీ అందులోనే వెళ్లాయి. ఆయన ప్రభువునందు నిద్రించి ఆరేళ్లయింది. అప్పటినుండి బండి పశువుల కొట్టంలో కోళ్లకు గూడై ఉంది.

మేము, మా అబ్బాయి కలిసి దాన్ని విజయవాడ ఆటోనగర్‌కు తెప్పించాము. ఆటోనగర్ సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు. కమాను పట్టీలకు ఒక వీధి, రేడియేటర్లకు ఒక వీధి, తొట్టెలు కట్టేవారికి ఇంకొక వీధి. పాత జీపుల పని తెలిసిన పెద్ద మెకానిక్ ఒకరు దొరికారు. బండిని చూడగానే మేము సెల్ఫ్ కొట్టబోతే ఆయన చెయ్యి పట్టుకొని ఆపారు.

ఏళ్లుగా కదలని ఇంజనులో పిస్టను రింగులు సిలిండరు గోడలకు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. ఒక్కసారిగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి. అందుకని ఆయన నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, ఆ రంధ్రాల్లో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి నాలుగు రోజులు వదిలేశారు. ఐదో రోజున ముందువైపు హ్యాండిలు పెట్టి, చేతితో మెల్లగా అటూ ఇటూ కదిపారు. అర అంగుళం, తర్వాత అంగుళం, సాయంత్రానికి పూర్తి చుట్టు. యంత్రాల పట్ల ఇంత ఓపిక ఉన్న మనిషిని మేము చాలా తక్కువగా చూశాము.

ఈ ఇంజనును ఎఫ్-హెడ్ అంటారు. నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్లు. లోపలికి గాలి, పెట్రోలు వచ్చే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, పొగ వెళ్లే వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. హెడ్డు విప్పి పైవి మాత్రమే చూసి బిగించేస్తే సగం పనే అయినట్టు. డబ్బు మిగులుతుందని చాలామంది ఇక్కడే మోసపోతారు. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. అడుగున తుప్పు, ఎండి జిగురైపోయిన పాత పెట్రోలు పేరుకొని ఉంటాయి. దాన్ని కడగకుండా కొత్త పెట్రోలు పోస్తే ఆ మురికంతా కార్బురేటరులో చేరుతుంది. రబ్బరు గొట్టాలన్నీ మార్చవలసిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాతకాలపు రబ్బరు దానికి ఆగదు.

అందరూ ఇంజను గురించే అడుగుతారు గాని, అడగవలసింది బ్రేకుల గురించి. ఆ రోజుల జీపులకు మాస్టరు సిలిండరు ఒక్కటే, నాలుగు చక్రాలకూ నూనె మార్గం ఒక్కటే. ఏ చక్రం దగ్గర కారినా పెడలు నేలకంటుతుంది, బండి ఆగదు. కాబట్టి సిలిండర్ల లోపలి రబ్బరు కప్పులు, ఇనుప పైపులు, హోసులు అన్నీ కొత్తవి వేయాలి. అందులో బ్రేకాయిలు తప్ప ఇంకే నూనె పోసినా రబ్బరు ఉబ్బిపోతుంది. టైర్ల మీద అరుగుదల లేదని సంతోషించవద్దు. పక్కన అచ్చువేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. మా వాటిమీద 1109 అని ఉంది, అంటే 2009 మార్చి. చూడటానికి బాగున్నాయి గాని, గోటితో నొక్కితే పగుళ్లు విచ్చుకున్నాయి.

ఇంజను మొదటిసారి పలికిన రోజున మా అబ్బాయి గంతులేశాడు. అప్పటికే లక్ష దాటింది. రంగు వేయిద్దామని షెడ్డువారితో మాట్లాడి, ఆ తర్వాత రవాణా కార్యాలయానికి వెళ్లాము. నిజానికి అక్కడినుండే మొదలుపెట్టవలసింది.

బండి యజమాని చనిపోతే, దాన్ని వాడుకోదలచిన వారసుడు 30 రోజుల్లోగా ఆ సంగతి కార్యాలయానికి తెలియజేయాలి. అలా తెలిపితే మరణం నాటినుండి మూడు నెలలు నడుపుకోవచ్చు. ఆ మూడు నెలల్లోనే 31వ ఫారంతో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. మేము ఆరేళ్లు ఆలస్యం. ఆర్‌సీ గడువు కూడా ఎప్పుడో తీరిపోయింది. సొంత వాహనానికి మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత తనిఖీ చేయించుకుంటూ ఐదేసి ఏళ్లు పొడిగింపు ఇస్తారు. ఢిల్లీలో పాత పెట్రోలు బండ్లను 15 ఏళ్లకే ఆపేస్తారన్న మాట విని ఇక్కడివారు భయపడుతుంటారు. అది ఆ రాజధాని ప్రాంతపు సంగతి. నాన్నగారు వేయించిన తొట్టె ఆర్‌సీలో ఎక్కలేదు, అది ఇంకో చిక్కు. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను వేయించినవారికీ ఇదే గతి.

50 ఏళ్లు నిండిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషను వచ్చింది కదా అని కొందరు అన్నారు. కాని దానికి బండి మొదటి రూపంలోనే ఉండాలి, రోజువారీ తిరగడానికి వాడకూడదు. తొట్టె పీకేసి ప్రదర్శనలో నిలబెట్టడానికి మాకు మనసు రాలేదు.

అసలు మాట ఇంకా చెప్పలేదు. కౌంటరులో ఉన్న ఉద్యోగి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూసి, మిగతా వారసుల సమ్మతి పత్రాలు ఏవని అడిగారు. వీలునామా లేకుండా చనిపోయిన క్రైస్తవుని ఆస్తి 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం పంచబడుతుంది. భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా, కొడుకనీ కూతురనీ తేడా లేకుండా. ఈ సంగతి పెళ్లి ఉపదేశాల్లో ఎన్నోసార్లు మేమే చెప్పాము. పొలం గురించి, ఇంటి గురించి చెప్పాము. జీపు కూడా ఆస్తేనని, అందులో అమ్మకూ తమ్ముడికీ చెల్లెలికీ వంతు ఉందని మాకు తట్టలేదు. పెద్దకొడుకులం గనుక మనదే అనుకున్నాము.

తమ్ముడు వెంటనే సంతకం పెట్టాడు. చెల్లెలికి ఫోను చేస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పెడతాను అన్నయ్యా. కాని బండి ఊరినుండి వెళ్లిపోయిందని పక్కింటివాళ్లు చెబితే తెలిసింది నాకు. నన్నొక్క మాట అడగాల్సింది." జవాబు చెప్పలేకపోయాము. అడిగితే కాదనేది కాదని మాకు తెలుసు, అందుకే అడగలేదు. అది అడగకపోవడానికి కారణమా?

మరుసటి ఆదివారం ఆరాధన ముగించుకొని హైదరాబాదు వెళ్లాము. ఆమె కాగితం మీద సంతకం చేసి, ఒకే ఒక్కటి కోరింది. తొట్టె వెనుక తలుపు లోపలివైపున నాన్నగారు తెల్లరంగుతో మా ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలు రాశారు, చెల్లెలిది అన్నిటికంటే పైన. దానిమీద రంగు వేయించవద్దంది. అక్కడ అక్షరాలున్నాయని మేము మరిచిపోయాము. షెడ్డులో ఆ తలుపుకు అప్పటికే గీకుడు కాగితం పట్టించడం మొదలైంది. రాత్రికి రాత్రే ఫోను చేసి ఆపించాము.

ఇప్పుడు అమ్మది, తమ్ముడిది, చెల్లెలిది మూడు సమ్మతి పత్రాలూ అందాయి. జరిమానా కట్టాము, తనిఖీకి తేదీ రావలసి ఉంది. వెనుక తలుపు అమ్మ ఇంటి వసారాలో గోడకు ఆనించి ఉంది. తమ్ముడి అక్షరం సగం చెరిగింది, మాది పూర్తిగా పోయింది, చెల్లెలిది మాత్రం నిలిచింది.